కర్నూలు, కడప సీమలో ఆరుబయట విహారం

పాత కర్నూలు, కడప జిల్లాల కొండలు, లోయలు, గుహలు, అడవి దారులు, జలాశయాలలో సందర్శకులు చేసే నడక, కొండెక్కుడు, గుహల సందర్శన, పడవ విహారం, పక్షి వీక్షణ వగైరా ఈ వ్యాస విషయం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు నంద్యాల వేరు జిల్లా అయింది. ఇక్కడ చెప్పే చోట్లలో సగానికి పైగా నంద్యాల జిల్లాలోనే ఉన్నాయి. జనం మాత్రం ఇప్పటికీ వాటిని కర్నూలు జిల్లా కిందే లెక్కేస్తారు.

పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, దక్షిణాన పాలకొండలు, శేషాచలం, కడపకు తూర్పుగా లంకమల. వీటి నడుమ కుందూ, పెన్నా పారే నల్లరేగడి నేల. కొండలు మరీ ఎత్తైనవి కావు. నల్లమలలో పేరున్న భైరానికొండ, గుండ్ల బ్రహ్మేశ్వరం 900 మీటర్లను కొద్దిగా దాటుతాయి. ఆల్ప్స్ పర్వతాల లోయల్లో సందర్శకుడి తిరుగుడును మంచు శాసిస్తుంది. ఏ దారి ఎప్పుడు తెరుచుకుంటుందో, ఏ కనుమ ఎప్పుడు మూతపడుతుందో అదే చెబుతుంది. ఆ పని ఇక్కడ ఎండ చేస్తుంది. ఇంకో తేడా కూడా ఉంది. 1786లో మోన్‌బ్లాన్ శిఖరాన్ని ఎక్కడంతో షామొనీ లోయలో కొండెక్కుడు ఒక క్రీడగా మొదలైంది, 1821 నాటికి అక్కడి దారి చూపేవాళ్ళు సంఘం కూడా పెట్టుకున్నారు. సీమలో కొండెక్కడానికి కారణం దేవుడు. అహోబిలం, యాగంటి, లంకమల, నిత్యపూజకోన, శ్రీశైలం కాలిదారి అన్నీ తిరునాళ్ళతో, మొక్కులతో అరిగిన బాటలే. గుడారాలు, కయాక్ పడవలు, తాళ్ళ మీద దిగడాలు వాటి మీద ఈ మధ్య వచ్చి చేరిన పొర. ఈ రెంటినీ కలిపి చూడకపోతే ఇక్కడి విహారం సగమే అర్థమవుతుంది.

కాలం

ఏడాది వర్షపాతం 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, చాలా చోట్ల అంతకన్నా తక్కువ. కర్నూలు వైపు వానలు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడతాయి. కడప వైపు అక్టోబరు, నవంబరు తుపానుల వాన కూడా తోడవుతుంది. నల్లమల కోనల్లో నీళ్ళు దూకేది ఆగస్టు నుంచి డిసెంబరు వరకు. ఆ తర్వాత జలపాతమని వెళ్ళినవాళ్ళకు బండ మీద నల్లటి చార మాత్రమే కనిపిస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తిరగడానికి అనువైన కాలం. మార్చి సగం దాటితే మధ్యాహ్నం కొండ మీద ఉండకూడదు. మే నెలలో ఎండ 44 డిగ్రీలను తాకుతుంది, బండరాయి ఆ వేడిని పొద్దు గుంకిన చాలాసేపటికి గానీ వదలదు. పశువులు కాసేవాళ్ళు తెల్లారక ముందే బయల్దేరి పది గంటలకు చెట్టు నీడ చేరుకుంటారు. ఏ యాత్రా పుస్తకంలోని సలహా కన్నా ఆ లెక్కే నమ్మదగినది.

గండికోట

సందర్శకుల దృష్టిలో సీమ మొత్తానికి ముఖద్వారం గండికోట. కడప జిల్లా జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరంలో పెన్నానది ఎర్రమల కొండలను నిలువునా కోసుకుని పారుతుంది. లోయ లోతు సుమారు 300 అడుగులు, కొన్ని చోట్ల వెడల్పు కూడా అంతే. కోట లోయ దక్షిణపు అంచున ఉంది. ఆ వైపు ప్రహరీ కట్టాల్సిన పని రాజులకు ఎక్కువ పడలేదు, నది ఆ పని చేసిపెట్టింది.

పత్రికలు దీన్ని ‘ఇండియా గ్రాండ్ కేన్యన్’ అంటాయి. అమెరికాలోని ఆ లోయ మైలు లోతు పైమాటే కాబట్టి ఈ పోలిక గండికోటకు మేలు కన్నా కీడే చేసింది. అంతటిది ఊహించుకుని వచ్చినవాళ్ళు ఇంతేనా అనుకుంటారు. గండికోట గొప్పతనం లోతులో లేదు, దగ్గరితనంలో ఉంది. ఎదుటి గోడ మీది రాతి వరుసలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపిస్తాయి. అవతల మేకలు కాసే మనిషి కేక వేస్తే ఇవతలికి వినిపిస్తుంది.

ఆ రాతి వరుసలను కాస్త ఆగి చూడాలి. ఇది క్వార్ట్‌జైట్. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప శిలా సముదాయం అని పిలిచే, వంద కోట్ల ఏళ్ళకు పైబడిన అవక్షేపాలలో ‘గండికోట క్వార్ట్‌జైట్’ పేరుతోనే ఒక పొర ఉంది. ఒకప్పటి ఇసుక అడుగున పడి, బిగుసుకుని రాయయింది. పొరలు అడ్డంగా, పగుళ్ళు నిలువుగా ఉండడంతో రాయి పెట్టెల్లా విరుగుతుంది. అందుకే అంచు దగ్గర ఎవరో పేర్చి వదిలేసినట్టు చదరపు బండలు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. కొన్ని పలకల మీద నీటి అలలు ఇసుకను మడతపెట్టిన గుర్తులు ఇప్పటికీ వేలికి తగులుతాయి. బండల మధ్య సందులు కొన్ని చోట్ల మనిషి దూరేంత ఉంటాయి. కుర్రాళ్ళు వాటి మీంచి దూకుతూ ఫొటోలు దిగుతుంటారు. అంచు పొడవునా చాలా భాగం కంచె లేదు. కొన్ని పలకలు కాలు మోపితే కదులుతాయి. సూర్యోదయం చూడాలని చీకట్లో వచ్చేవాళ్ళు లైటు పట్టుకుని, అంచుకు నాలుగు బారల దూరంలోనే ఆగి, వెలుగు వచ్చాకే ముందుకు పోవాలి.

కోటలో తిరగడానికి కనీసం ఒక పూట పడుతుంది. పశ్చిమ చాళుక్యుల సామంతుడు కాకరాజు 12వ శతాబ్దంలో దీన్ని మొదలుపెట్టాడని కైఫీయతు చెబుతుంది. విజయనగర కాలంలో, ఆ తర్వాత పెమ్మసాని నాయకులు ఏలారు. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ 1652లో అతన్ని కలవడానికి ఇక్కడికే వచ్చి కోట గురించి రాశాడు. లోపల మాధవరాయ, రంగనాథ ఆలయాలు, జామా మసీదు, ధాన్యాగారం, జైలు, పావురాల గోపురం, రాయల చెరువు, కత్తుల కోనేరు ఉన్నాయి. కోటలో ఊరు ఇంకా ఉంది. గోడల మధ్య గొర్రెలు, ఇళ్ళ ముందు ఆరేసిన మిరపకాయలు చూసి సినిమా సెట్టింగు అనుకునేవాళ్ళు లేకపోలేదు.

ఆటల సంగతికొస్తే, గండికోటలో సాహస క్రీడల శిక్షణ కేంద్రం ఏర్పడింది. బండలెక్కడం, తాడు మీద దిగడం, కయాకింగ్ నేర్పుతారు. లోయ అడుగున నిలిచి ఉండేది ఎక్కువగా దిగువనున్న మైలవరం జలాశయపు వెనుక నీరు. జలాశయం నిండిన ఏడాది కయాకింగ్ బాగుంటుంది, ఎండిన ఏడాది అడుగున బురద, బండలు తేలతాయి. ఎగువన గాలేరు–నగరి పథకం కింద కట్టిన గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. లోయలోకి దిగే దారి తాళ్ళతో పని లేకపోయినా రాళ్ళ మీద జారుకుంటూ పోయేదే. దిగడం కన్నా ఎక్కడం కష్టం, మధ్యాహ్నమైతే మరీను. అంచున గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళు చాలామందే తయారయ్యారు. అమావాస్య దగ్గరి రాత్రుల్లో నక్షత్రాలు బాగా కనిపిస్తాయి. పక్క గుడారంలో స్పీకరు పెట్టకుండా ఉంటే రాత్రి ఇంకా బాగుంటుంది.

గండికోట ఉత్సవాలు కూడా జరుపుతుంటారు. 2024 చివర్లో కేంద్రం గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఆ డబ్బుతో ఏం కట్టినా, ముందుగా కావలసినవి నీడ, తాగునీరు, అంచు వెంబడి హెచ్చరికలు అని ఒక్క ఎండాకాలం అక్కడ తిరిగినవాళ్ళెవరైనా చెబుతారు.

గుహలు

ఎండ తట్టుకోలేని రోజున సీమలో పోదగ్గ చోటు భూమి కింద ఉంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు పైనుంచి చూస్తే మామూలు మెట్ట పొలం. మధ్యలో బావి వంటి మూడు గుంటలు, అందులో నడిమిదాంట్లోంచి మెట్లు. గుహల మొత్తం పొడవు 3,229 మీటర్లు. సందర్శకులను అనుమతించేది అందులో దాదాపు కిలోమీటరున్నర. దేశంలో మైదాన ప్రాంతపు గుహల్లో ఇదే అతి పొడవైనది. 1884లో భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1982–83లో హెర్బర్ట్ డానియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం కొలతలు వేసి పటం గీసింది. పర్యాటక సంస్థ లోపలి బురద, చెత్త తీయించి, దారులు వేసి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచింది.

రాయి సున్నపురాయి, నార్జి పొరకు చెందింది. సీమ ఇళ్ళలో నేలకు పరిచే, వంటింట్లో గట్టుకు వేసే నాపబండ కూడా ఈ రాతి కుటుంబంలోదే. బేతంచెర్ల, కొలిమిగుండ్ల గనుల్లో తవ్వేది దీన్నే. వాననీరు పగుళ్ళలోకి దిగి, రాతిని కరిగించుకుంటూ లక్షల ఏళ్ళలో ఈ సొరంగాలను తొలిచింది. గోడలకు చెయ్యి ఆనిస్తే నునుపుగా, వంపులు తిరిగి ఉంటుంది. ఒకప్పుడు ఇందులో ఏరు పారిందని ఆ వంపులే చెబుతాయి. కోటిలింగాల గదిలో పైనుంచి వేలాడే సున్నపు కొసలు వందల్లో ఉంటాయి. సప్తస్వరాల గుహలో వాటిని కర్రతోనో వేలి ముడితోనో తడితే ఒక్కోటి ఒక్కో మోత మోగుతుంది. ఇన్నేళ్ళుగా అందరూ తట్టడంతో కొన్ని విరిగిపోయాయి, విని వదిలెయ్యడం మేలు. అన్నిటికన్నా లోతున, నేలమట్టానికి 46 మీటర్ల అడుగున ఉండే పాతాళగంగ దగ్గర నీటి పాయ ఒకటి కనిపించి మళ్ళీ రాతిలోకి పోతుంది. ధ్యానమందిరమనే చోట పరుపులాంటి రాతి వేదిక ఉంది.

గుహ చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. బెలుం లోపలి భాగాల్లో ఉక్క. గాలి పంపే ఏర్పాటు ఉన్నా చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంటుంది. కొన్ని చోట్ల వంగి, ఒకచోట దాదాపు పాకుతూ పోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, ఇరుకంటే భయపడేవాళ్ళు మొదటి రెండు గదులు చూసి వెనక్కి రావచ్చు, చిన్నతనమేమీ లేదు.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలకు బెలుంకున్న దీపాలు, టిక్కెట్లు లేవు. శాస్త్ర చరిత్రలో మాత్రం స్థానం పెద్దది. కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో ఇక్కడి ఎముకల పొరల గురించి రాశాడు. 1884లో ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ తవ్వి ఎన్నో రకాల జంతువుల శిలాజాలను బయటికి తీశారు. పైకప్పు కూలి ఆకాశం కనిపించే చోట్ల రాతి కమానులు నిలిచి ఉంటాయి. ఓర్వకల్లు మండలం కేతవరం దగ్గర, కడప వైపు ముద్దనూరు మండలం చింతకుంట దగ్గర కొండ చరియల కింద ప్రాచీన మానవుడు వేసిన బొమ్మలున్నాయి. చింతకుంట ఎద్దుల మూపురాలు నేటి సీమ రైతు చూసినా గుర్తుపట్టేలా ఉంటాయి. బొమ్మల మీద నీళ్ళు చల్లితే ఫొటోలో బాగా పడతాయని ఎవరో నేర్పారు. అలా చల్లడం వల్లే రంగు పోతోంది.

బనగానపల్లె దగ్గరి యాగంటిలో అగస్త్య గుహ, వేంకటేశ్వర గుహ, వీరబ్రహ్మం గుహ ఉన్నాయి. మెట్లు నిటారుగా ఉంటాయి కానీ కొద్దిసేపే. బనగానపల్లె రవ్వలకొండ గుహలో కూర్చునే బ్రహ్మంగారు కాలజ్ఞానం రాశారని నమ్మిక.

నల్లమల నడకలు

నడకకు సీమలో అహోబిలాన్ని మించింది లేదు. ఆళ్ళగడ్డ మీదుగా దిగువ అహోబిలం, అక్కడి నుంచి 8 కిలోమీటర్లు ఎగువ అహోబిలం. తొమ్మిది నరసింహ క్షేత్రాలు అడవిలో చెదిరి ఉన్నాయి: జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. కొన్నిటికి వాహనం పోతుంది. పావన నరసింహుడి దగ్గరికి జీపు దారి ఉంది, దాని కన్నా కాలినడకే ఒంటికి సుఖం. అసలైన నడక ఎగువ అహోబిలం గుడి వెనక మొదలవుతుంది. భవనాశిని వాగు వెంబడి గుండ్రాళ్ళ మీదుగా జ్వాలా నరసింహుడి వరకు. వానల తర్వాత వెళితే గుడి ముందరి బండ మీంచి నీళ్ళు తెరలాగా జారుతుంటాయి, భక్తులు తడుస్తూనే లోపలికి దూరతారు. బాట మొదట్లో కర్రలు అమ్ముతారు. కొనాలి. ఏటి రాళ్ళ మీద అది మూడో కాలు, కోతుల దగ్గర ఆయుధం. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే కోతులు అడగవు, లాక్కుంటాయి.

జ్వాలా నరసింహం దాటి ఉగ్రస్తంభం ఎక్కేవాళ్ళు తక్కువ. హిరణ్యకశిపుణ్ణి చంపడానికి స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం ఇదేనని భక్తుల నమ్మకం. చూడ్డానికి రెండుగా చీలిన నిలువు శిఖరం. పైకి సరైన మెట్లు లేవు. వేర్లు, రాళ్ళు పట్టుకుని ఎక్కాలి. వాన పడ్డ రోజు ప్రయత్నించకూడదు, దారి తెలిసిన మనిషి లేకుండా ఏ రోజూ ప్రయత్నించకూడదు. ఆ మనిషి చాలాసార్లు చెంచు అయి ఉంటాడు. అహోబిలం స్వామి చెంచులక్ష్మిని పెళ్ళాడాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. సంక్రాంతి తర్వాత 40 రోజులకు పైగా సాగే పార్వేట ఉత్సవంలో స్వామి పల్లకిలో చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతాడు. ఎంత దూరం నడిచినా అలసట లేదని, స్వామే ముందు నడుస్తున్నాడని బోయీలు అంటారు.

దీనికన్నా పెద్ద నడక శ్రీశైలం కాలిదారి. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, దామెర్లకుంట, పెద్దచెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలానికి అడవిలో 40 కిలోమీటర్లకు పైగా. 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడని ప్రతీతి. నాగలూటి వీరభద్రాలయం పక్క నుంచి పోయే పాత మెట్లు ఇప్పటికీ కాలికి తగులుతాయి. భీమునికొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కేటప్పుడు గట్టివాళ్ళకు కూడా ఊపిరి అందదు. శివరాత్రికి తెలుగువాళ్ళు, ఉగాదికి కన్నడిగులు ఈ దారిన వేలల్లో నడుస్తారు. ఉగాది యాత్రికుల్లో కొందరు కర్రకాళ్ళ మీద నడిచి వస్తారు. కర్నూలు నుంచి ఆత్మకూరు దాకా రోడ్డు వెంబడి ఊళ్ళవాళ్ళు పందిళ్ళు వేసి అన్నం పెడతారు, మజ్జిగ పోస్తారు, ఎండకు బొబ్బలెక్కిన పాదాలకు మందు రాస్తారు. సీమలో అన్నిటికన్నా పెద్ద ఆరుబయలు కార్యక్రమం ఇదే. పర్యాటక కరపత్రాలు దీన్ని ఎందుకనో వదిలేస్తాయి. ఆ కొద్ది రోజులు తప్ప మిగతా ఏడాది ఈ బాట మూసే ఉంటుంది. ఈ అడవి నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోకెల్లా విశాలమైనది. ఆత్మకూరు–దోర్నాల రోడ్డు మీది బైర్లూటిలో అటవీశాఖ బస, జీపు తిప్పుడు ఏర్పాటు చేసింది. పులి కనపడుతుందని ఎవరూ మాటివ్వరు, ఇస్తే నమ్మకూడదు. దుప్పులు, కణుజులు, నెమళ్ళు, ఎలుగుబంటి గీకిన చెట్టు బెరడు, ఉదయపు వాగు ఇసుకలో పాదముద్రలు దొరికినా ఆ రోజు మంచిదే.

నడవలేనివాళ్ళు నంద్యాల–గిద్దలూరు రైలెక్కాలి. గాజులపల్లె దాటాక చెలమ, దిగువమెట్ట వైపు రైలు నల్లమలను అడ్డంగా దాటుతుంది. సొరంగం, లోయలు, పాత మీటర్‌గేజీ కాలంనాటి దొరబావి వంతెన స్తంభాలు ఆ దారిలోనివే. కిటికీ పక్కన సీటు దొరికితే చాలు.

కడప వైపు లంకమలలోనూ, సిద్ధవటం దగ్గరి నిత్యపూజకోనలోనూ శివరాత్రికి జనం వాగుల వెంట నడిచి గుళ్ళు చేరతారు. మిగతా రోజుల్లో ఇక్కడ ఇంకో చిక్కుంది. పాలకొండలు, శేషాచలం, లంకమల ఎర్రచందనం పెరిగే కొండలు. భుజాన సంచి, కాళ్ళకు బూట్లు వేసుకుని అడవిలోకి దూరే కొత్త మనిషిని అటవీ సిబ్బంది మొదట దొంగగానే చూస్తారు, వాళ్ళ తప్పు లేదు. అనుమతి కాగితం జేబులో ఉండాలి.

నీళ్ళు

మహానంది కోనేరుల్లో ఊట నీరు ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉంటుంది. అడుగున పడ్డ నాణెం మీద అంకె చదవచ్చు. నిలువెత్తు కన్నా లోతు తక్కువ కాబట్టి ఈత రానివాళ్ళు కూడా దిగుతారు. అదే నీరు బయటికొచ్చి అరటి తోటలను తడుపుతుంది. కర్నూలుకు దగ్గరలో ఓర్వకల్లు రాతివనం ఉంది. స్ఫటిక రాళ్ళ కొండల నడుమ చిన్న చెరువు, పడవ, నడక దారి, ఒక పూట కాలక్షేపం. అవుకు జలాశయంలోనూ పడవలు తిప్పుతారు.

సంగమేశ్వరం వీటన్నిటికన్నా వింతైనది. కృష్ణలో తుంగభద్ర, భవనాశిని కలిసే చోట ఉన్న ఈ గుడి శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగిపోతుంది. నీరు తగ్గే ఎండాకాలంలో బయటపడుతుంది, పూజారి ఒండ్రు కడిగించి పూజలు మొదలుపెడతారు. మళ్ళీ వరద రాగానే చివరి హారతి ఇచ్చి వచ్చేస్తారు. సీమలో ఎండాకాలం మాత్రమే చూడగల చోటు బహుశా ఇదొక్కటే. వరద కాలంలో ఇటు నుంచి తెలంగాణ వైపు సోమశిలకు పడవలు పోతాయి.

పక్షులు

నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడును 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. 614 హెక్టార్ల గడ్డి భూమి. చుట్టూ కాలువలు వచ్చి, మెట్ట పైర్లు పోయి తరి పంటలు రావడంతో ఆ పక్షికి కావలసిన బీడు కరిగిపోయింది. ఇప్పుడక్కడ అది కనిపించడం దాదాపు లేదు. కృష్ణజింకలు మాత్రం మందలుగా పెరిగి రైతులతో తగవు తెచ్చుకున్నాయి. చలికాలం తెల్లవారుజామున గడ్డి మీద డేగజాతి పక్షులు వాలడం చూడ్డానికి పక్షి ప్రేమికులు వస్తారు.

కలివికోడి కథ ఇంకా ఆసక్తికరం. ప్రకృతి శాస్త్రజ్ఞుడు జెర్డాన్ 1848లో లోకానికి తెలియజేసిన ఈ చిన్న పక్షి 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే రాసేశారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, పక్షులు పట్టే స్థానికుల సాయంతో సిద్ధవటం ప్రాంతపు రెడ్డిపల్లె దగ్గర దాన్ని మళ్ళీ కనుగొన్నాడు. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. రాత్రిపూట ముళ్ళపొదల మధ్య తిరిగే ఈ పక్షిని చూడాలని రహస్యంగా టార్చిలైట్లతో దూరడం నేరం, పైగా దానికి హాని.

తొలకరి వజ్రాల వేట

కర్నూలు జిల్లా పశ్చిమాన తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర, పెరవలి చుట్టుపక్కల పొలాల్లో ఏటా జూన్‌లో నడిచే వేటను ఏ పర్యాటక శాఖా మొదలుపెట్టలేదు. తొలకరి వాన మట్టి పైపొరను కడిగేసరికి గులకరాళ్ళు బయటపడతాయి. పక్కనే అనంతపురం జిల్లా వజ్రకరూరు కింద వజ్రాలు పుట్టే కింబర్లైట్ రాతి గొట్టాలు ఉన్నాయి. కోతకు గురైన ఆ రాతి నుంచి రాలిన వజ్రాలు వాగుల వెంట మట్టిలో చేరాయని భూగర్భ శాస్త్రం చెబుతుంది. చుట్టు జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కుటుంబాలే తరలివస్తాయి. సద్దిమూట, నీళ్ళ బాటిలు, నెత్తిన తువ్వాలు. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు వంగి, ఎండకు ఎదురుగా మట్టిని చూస్తూ ఒక్కో అడుగు వేస్తారు. మెరిసినదల్లా ఏరి నాలుక మీద తడిపి చూసేవాళ్ళున్నారు. దొరికితే గుత్తి, పెరవలి వ్యాపారులకు అమ్ముతారు. ధర వాళ్ళు చెప్పిందే, అమ్మినవాడికి రాయి అసలు విలువ తెలిసే దారి లేదు. విత్తిన పొలాన్ని వందల మంది తొక్కుతుంటే రైతులు ఊరుకోరు, అందుకే కొందరు బోర్డులు పెట్టి కాపలా కాస్తున్నారు. వేడుక చూద్దామని వెళ్ళేవాళ్ళు విత్తని పొలాల గట్ల మీదే ఉండిపోవడం న్యాయం.

అదే దారిలో ఎర్రగుడి ఉంది. 1929లో భూగర్భ శాస్త్రజ్ఞుడు అనూ ఘోష్ ఇక్కడి బండల మీద అశోకుడి శాసనాలు కనుగొన్నాడు. పద్నాలుగు ప్రధాన శాసనాలతో పాటు లఘు శాసనమూ ఉంది. దానిలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి. కొండ చిన్నది, అరగంటలో ఎక్కి దిగవచ్చు.

ప్రమాదాలు

వానాకాలం వాగులను నమ్మకూడదు. ఎగువన కొండల్లో పడ్డ వాన ఇక్కడ ఆకాశం తెల్లగా ఉండగానే కోనలోకి దూకుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద కర్నూలు నగరాన్నే ముంచింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి దిగువ ఊళ్ళు కొట్టుకుపోయాయి. కోనల్లోని గుండాలు పైకి ప్రశాంతంగా కనిపిస్తాయి, లోపల రాతి అరలుంటాయి. ఈత వచ్చినవాళ్ళే ఎక్కువగా మునిగేది అక్కడే. ఎండాకాలంలో మనిషికి పూటకు మూడు లీటర్ల నీళ్ళయినా మోసుకోవాలి. నల్లమలలో మే నెల నాటికి చాలా చెలమలు ఇంకిపోతాయి. దేవరగట్టులో దసరా రాత్రి జరిగే కర్రల సమరాన్ని చూడాలని ఉబలాటపడే బయటివాళ్ళకు స్థానిక పోలీసులు ఇచ్చే సలహా ఒక్కటే, దూరంగా ఉండమని.

రాకపోకలు, బస, తిండి

కడప, యర్రగుంట్ల, ముద్దనూరు ముంబై–చెన్నై రైలు దారిలో ఉన్నాయి. 2016లో మొదలైన నంద్యాల–యర్రగుంట్ల లైను మీద జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, బనగానపల్లె స్టేషన్లున్నాయి. కడపలో విమానాశ్రయం ముందు నుంచీ ఉంది, ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో ప్రారంభమైంది. గండికోట, బెలుం ఒకే రోజులో చూడొచ్చు, అయితే రెంటికీ అన్యాయం జరుగుతుంది. పర్యాటక సంస్థ హరిత హోటళ్ళు గండికోట, అహోబిలం వంటి చోట్ల ఉన్నాయి. సంక్రాంతికి, శివరాత్రికి గది దొరకదు. అహోబిలంలో మఠాలు, సత్రాలు ఆదుకుంటాయి.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ, లేదా ఎర్రకారం దోశ. మధ్యాహ్నం రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి, మాంసాహారులకు నాటుకోడి పులుసు. నడకకు కట్టుకుపోవడానికి జొన్నరొట్టె మంచిది, రెండు రోజులున్నా పాడవదు. కడప నుంచి రాయచోటి వైపు పోయేవాళ్ళు గువ్వలచెరువు ఘాటు దగ్గర పాలకోవా కోసం బండి ఆపకుండా పోరు. వేసవిలో వచ్చేవాళ్ళకు బనగానపల్లె మామిడి దొరుకుతుంది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పండు కావాలంటే మాత్రం మే నెల ఎండను భరించాలి.